రతన్‌జోత్‌తో ఊదా రంగు సబ్బు: నా అనుభవం

ఇవాళ అచ్చులోంచి తీసి కోసిన సబ్బు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే ఊదా రంగులో ఉంది. నడుమ ముదురు వలయం లేదు, బూడిద మచ్చలు లేవు. కృత్రిమ రంగు చిటికెడు కూడా వేయలేదు, అంతా రతన్‌జోత్ అనే వేరు బెరడు నుంచి దిగిన రంగే. ఈ సంతోషం మీదే రాసేస్తున్నాను.

ముందు పనికిరానివి చెబుతాను. బీట్‌రూట్, మందారం, గులాబీ రేకులు, శంఖుపూలు. వీటి రంగు నీళ్లలో కరిగే రకం, నూనెలోకి దిగదు. పొడి కొట్టి కలిపినా, నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా తగిలితే మట్టి రంగుకో బూడిద రంగుకో మారిపోతుంది. వీడియోల్లో బీట్‌రూట్ రసంతో గులాబీ రంగు సబ్బు చేసి చూపిస్తున్నవాళ్లలో చాలామంది వాడేది రెడీమేడ్ సోప్ బేస్, అంటే కరిగించి అచ్చులో పోసుకునే తయారు సబ్బు. అందులో సోడా పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆ మాట చెప్పకుండా మొదటి నుంచీ సబ్బు వండేవాళ్లకు అదే చిట్కా అంటగట్టడం అన్యాయం. నీలిమందుదీ వేరే దారి. అది నూనెలో కరగదు, నానబెట్టి వడగడితే నీలమంతా బట్టలోనే మిగులుతుంది. పావు టీస్పూను పొడిని చెంచాడు నూనెతో మెత్తగా నూరి నేరుగా కలుపుకోవాలి.

నూనెలోకి చక్కగా దిగేవి నారింజ రంగునిచ్చే జాఫ్రా గింజలు, రతన్‌జోత్, పసుపు. కారప్పొడి ఎరుపు కూడా దిగుతుంది కానీ దాంతోపాటు ఘాటూ దిగుతుంది, ఒంటికి రాసుకునే సబ్బుకి వద్దు. జాఫ్రా చాలా సులువు. మన విశాఖ మన్యంలో పండే గింజే. 25 గ్రాముల గింజలు 250 గ్రాముల నూనెలో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్ల గిన్నెలో అరగంట ఉంచితే చాలు. రంగు గింజ పైపొరలోనే ఉంటుంది, దంచక్కర్లేదు. నేరుగా మంట మీద పెడితే మాత్రం రంగు మాడి గోధుమ రంగులోకి పోతుంది. పసుపు సోడాతో ఎర్రబడి, తర్వాత నారింజ వైపు వస్తుంది, వెలుతురు తగిలితే త్వరగా వెలిసిపోతుంది.

అసలు పరీక్ష రతన్‌జోత్‌తోనే. హైదరాబాద్ బేగంబజార్‌లోనూ, కాస్త పెద్ద ఊళ్లలో మూలికల దుకాణాల్లోనూ దొరుకుతుంది. ముదురు ఊదా రంగులో, పొరలు పొరలుగా ఊడిపోయే వేరు బెరడు. కశ్మీరీ మాంసం కూర రోగన్‌జోష్‌కి ఎరుపు తెచ్చేవాటిలో ఇదొకటి. అడిగేటప్పుడు వేరు బెరడని చెప్పి అడగండి, ఎందుకంటే ఉత్తరాదిలో అడవి ఆముదాన్ని కూడా ఇదే పేరుతో పిలుస్తారు. దాని గింజలు విషం.

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది సరుకు. ఒక దుకాణదారు అసలుదేనని ప్రమాణం చేసి మరీ ఇచ్చిన బెరడును ఎంతసేపు వేడి నూనెలో ఉంచినా నూనె లేత గులాబీ దాటలేదు. దాంతో చేసిన సబ్బు కడిగిన బియ్యం నీళ్ల రంగులో తేలింది. మంట చాల్లేదేమో, నూనె తప్పేమో అని ఒక్కొక్కటే మార్చి చూశాను, ఏం తేడా లేదు. చివరికి ఆ బెరడు ముక్కను చన్నీళ్లలో వేస్తే గుట్టు తేలింది. నీళ్లు క్షణంలో ఎర్రబడ్డాయి. రతన్‌జోత్‌లోని అల్కనిన్ అనే రంగు పదార్థం నీళ్లలో దాదాపు కరగదు. చన్నీళ్లు చిక్కగా ఎర్రబడ్డాయంటే పైన చౌక రంగు పూశారన్నమాట. తిరిగి తీసుకెళితే ఆ దుకాణదారు, అందరూ కొంటున్నారు, మీకొక్కరికే వచ్చిందా ఇబ్బంది అన్నాడు. తలనూనెలో వేసుకోవడానికి కొనేవాళ్లకు ఎర్రగా కనిపిస్తే చాలు, ఎవరూ పరీక్షించరు, ఆ ధైర్యంతోనే అమ్ముతున్నారు. సహజం అన్న మాట మీద నమ్మకంతో పిల్లల ఒంటికి రాస్తారు జనం, అందులో బట్టల రంగు కలపడం పాపం.

అందుకే ఈ రెండు పరీక్షలు చేయకుండా పావు కిలో కొనకండి. ఒకటి, చన్నీళ్ల పరీక్ష. రెండోది సోడా పరీక్ష. బెరడు చిన్న ముక్కను చెంచాడు గోరువెచ్చని నూనెలో కాసేపు ఉంచి, ఆ ఎర్ర నూనెను గాజు గ్లాసులో పోసి, చాకలి సోడా కలిపిన నీళ్లు రెండు చెంచాలు వేసి కుదపండి. అసలుదైతే ఎరుపు ఊదాకో నీలానికో తిరుగుతుంది. ఎరుపు ఎరుపుగానే ఉంటే తిరిగిచ్చేయండి. ఒప్పుకోని దుకాణంలో మళ్లీ అడుగు పెట్టకండి.

ఈ పరీక్షలోనే ఇంకో సంగతి తెలుస్తుంది. నూనెలో కనిపించే రంగు సబ్బు రంగు కాదు. అల్కనిన్ పులుపులో ఎరుపు, క్షారంలో నీలం. సబ్బు క్షారమే కాబట్టి దానిమ్మ గింజల ఎరుపున్న నూనె సబ్బయ్యాక ఊదాకో, నీలం కలిసిన బూడిద రంగుకో వస్తుంది. ఎర్ర సబ్బు కావాలని రతన్‌జోత్ కొనేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు. గులాబీ రంగు కావాలంటే మంజిష్ఠ వేరు పట్టుకోవాలి, అది నూనెలో కంటే కాస్టిక్ నీళ్లలో బాగా దిగుతుంది.

ఇక నానబెట్టడం. బెరడును ఎండలో కాకుండా నీడన పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే నూనె బూజు పడుతుంది. 20 గ్రాముల బెరడు, 200 గ్రాముల రిఫైన్డ్ వేరుశనగ నూనె. గానుగ నువ్వుల నూనె, ఆవనూనె వద్దు. వాటి పసుపుతో ఊదా కలిస్తే పాచి రంగే వస్తుంది. గాజు సీసాలో పోసి, వేడి నీళ్ల గిన్నెలో నిలబెట్టి, నూనె 60 నుంచి 70 డిగ్రీల మధ్య ఉండేలా రెండు మూడు గంటలు సన్న సెగన ఉంచాలి. తొందర లేకపోతే చల్లగానే మూతపెట్టి చీకటి అలమరలో నాలుగు నుంచి ఆరు వారాలు పెట్టవచ్చు, రోజూ ఒకసారి కుదపాలి. ఎండలో పెట్టమనే సలహా వినకండి, తెచ్చిన రంగును ఎండే తినేస్తుంది. పల్చటి నూలు బట్టను రెండు మడతలు వేసి వడగట్టి, ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైనూనె మాత్రం వంచుకోవాలి. అడుగున దిగిన నలుసు సబ్బులోకి పోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. పిప్పి కొంత నూనె పీల్చుకుంటుంది కాబట్టి వడగట్టాక మళ్లీ తూచి, తగ్గినంత మామూలు వేరుశనగ నూనె కలపాలి. రంగు దిగినంత మాత్రాన నూనెకి పట్టే సోడా లెక్క మారదు, బరువు మారితే మారుతుంది.

నా కొలత మొత్తం కిలో నూనెకి: కొబ్బరి నూనె 300 గ్రాములు, వేరుశనగ నూనె 600, ఆముదం 100. ఆ 600లో 150 నుంచి 200 దాకా రతన్‌జోత్ నూనె. 50 గ్రాములు వేస్తే లేత లావెండర్, 400 దాటితే నల్లబడుతుంది. కాస్టిక్ సోడా 140 గ్రాములు, నీళ్లు 300. సోడానే నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద ఎప్పుడూ పోయకూడదు. స్టీలు పాత్ర వాడాలి, అల్యూమినియం వద్దు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రంగు నీలానికి తిరగాలని సోడా పెంచేవాళ్లున్నారు, ఆ పని చేయొద్దు, చర్మం కాలుతుంది.

సోడా నీళ్లు, నూనెలు రెండూ 40 డిగ్రీలకు చల్లారాక కలిపి, బ్లెండర్ ఎత్తితే జారే ధార ఆనవాలు పైన నిలిచేదాకా తిప్పి అచ్చులో పోయాలి. అప్పుడు కనిపించే నీలి బూడిద రంగు చూసి బెంగపడక్కర్లేదు, సబ్బు ఆరేకొద్దీ ఊదా తేరుకుంటుంది. మన ఎండాకాలంలో ఇంకో చిక్కుంది. అచ్చు నడుమ వేడెక్కి అక్కడే ముదురు వలయం కడుతుంది, రతన్‌జోత్‌తో అది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అచ్చు మొత్తాన్ని దుప్పటిలో చుట్టి అంతా ఒకేలా వేడెక్కనివ్వాలి, లేదంటే చిన్న చిన్న అచ్చుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. దుప్పటి దారిలో రంగు చిక్కగా వస్తుంది, నేను అదే పట్టుకున్నాను.

నాలుగు నుంచి ఆరు వారాలు గాలి ఆడేచోట, వెలుతురు నేరుగా పడకుండా ఆరబెట్టాలి. వాడకానికి తీసేదాకా కాగితంలో చుట్టి ఉంచండి. అమ్మకానికి చేసేవాళ్లు మాత్రం 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు తీసుకోవాలి, ఇంట్లో చేశాం కదా అంటే చెల్లదు.