రెండు రంజన్లు, ఒక దొంగ థర్మామీటర్

తెలంగాణలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా దగ్గర ‘జిజ్ఞాస’ పేరుతో స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టులు ఉంటాయి. మొదటిసారి గైడ్‌గా వేసినప్పుడు నేనే పది టాపిక్‌లు రాసి నోటీసు బోర్డుకు అంటించాను. నెల తిరిగేసరికి స్పైరల్ బైండింగ్ చేయించిన రిపోర్టులు టేబుల్ మీదికి వచ్చాయి. ఒకదాని కృతజ్ఞతల పేజీలో వేరే కాలేజీ ప్రిన్సిపాల్ పేరుంది! పాత ప్రాజెక్టుల ఫైళ్ళు జిరాక్స్ షాపులో దొరుకుతాయని అప్పుడే తెలిసింది. పిల్లల మీద కోప్పడ్డాను కానీ, టాపిక్‌లు నావి. వాళ్ళకేం పట్టింది?

మరుసటి ఏడాది టాపిక్ ఇవ్వనన్నాను. “మీ ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా నమ్మే మాట ఒకటి పట్టుకురండి. దాన్ని మనం కొలవగలగాలి, అంతే.” రెండు వారాలు “మీరే ఏదో ఒకటి చెప్పండి మేడం” అంటూ తిరిగారు. చివరికి ఒకమ్మాయి అంది: “పాత రంజన్‌లో నీళ్ళు సల్లగ కావని మా నానమ్మ ఏటా కొత్తది కొనిపిస్తది. ఆ పైసలు దండగేనా మేడం?” రంజన్ అంటే మా వైపు నీళ్ళు చల్లబడేందుకు పోసుకునే మట్టి కుండ.

ఐదుగురి టీమ్ తయారైంది. ల్యాబ్ వరండాలో పది లీటర్లు పట్టే రంజన్లు రెండు, ఒకటి కొత్తది, ఒకటి నాలుగు ఎండాకాలాలు చూసింది. మార్చి ఎండలు మొదలయ్యాయి. మొదటి వారం ఫలితం తలకిందులుగా వచ్చింది. పాత రంజన్‌లో నీళ్ళే రెండు డిగ్రీలు చల్లగా ఉన్నాయి. “కాలమ్‌లు అటూ ఇటూ రాసినమేమో, మార్చేద్దామా?” అని గుసగుసలు. కారణం నాకు లీలగా తడుతూనే ఉంది. చెప్పేస్తే అయిపోయేది. స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి టీ తాగాను.

ఆ సాయంత్రం ఎవరికో అనుమానమొచ్చి రెండు థర్మామీటర్లనూ కరుగుతున్న ఐసులో ముంచారు. ఒకటి సున్నా చూపింది. రెండోది సున్నాకి రెండు గీతలు కింద నిలబడింది. పాత రంజన్‌లో వేసింది అదే. వారం రీడింగులూ వృథా. రెండేళ్ళుగా ప్రాక్టికల్స్‌లో వాడుతున్న థర్మామీటర్ అది! అప్పటినుంచి రెండింటికీ ఒకటే థర్మామీటర్ వాడారు.

ఇంకో గొడవ. ఒకబ్బాయి నోట్‌బుక్‌లో 26.37 అని ఉంది. ఆ థర్మామీటర్ లీస్ట్ కౌంట్, అంటే గీతకూ గీతకూ మధ్య తేడా, ఒక డిగ్రీ. కళ్ళు చించుకుని చూసినా అర డిగ్రీకి మించి అంచనా కట్టలేం. దొంగతనం అనలేదు. థర్మామీటర్ చేతికిచ్చి “ఆ .37 ఎక్కడుందో చూపించు నాన్నా” అన్నాను. కాసేపు తిప్పి చూసి, తల దించుకున్నాడు. “బస్సు పోతదని ఎనిమిది గంటల రీడింగ్ తీయలే మేడం. ముందు రెండు, వెనక రెండు రీడింగులు కలిపి ఆవరేజ్ వేసిన.” ఆ గడి కొట్టేసి “తీయలేదు” అని రాయమన్నాను. మార్కులు పోతాయేమోనని రాయడానికి చాలాసేపు తటపటాయించాడు. ఇన్నేళ్ళుగా ప్రాక్టికల్ రికార్డుల్లో ‘సరైన జవాబు’కి మార్కులేసింది మేమే కదా.

తర్వాత ఎంత నీరు ఆవిరైపోతోందో చూడ్డానికి రంజన్లను తూకం వేయడం మొదలుపెట్టారు, నేను చెప్పకుండానే. ఒక మధ్యాహ్నం ఆరు గంటల్లో కొత్త రంజన్ దాదాపు 400 గ్రాములు తగ్గింది. పాతది అందులో సగం కంటే కొంచెం ఎక్కువ. పాతదాని ఒంటికి బోరు నీళ్ళ తెల్లపొర పట్టి ఉంది, సందులు మూసుకుపోయి ఉంటాయని వాళ్ళ ఊహ. అంతలో ఆ అమ్మాయి లెక్క పట్టుకొచ్చింది. గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,400 జౌళ్ళ వేడి కావాలి. ఆ వేడంతా లోపలి నీళ్ళ నుంచే పోతే, 400 గ్రాములకు పది లీటర్లు ఇరవై డిగ్రీలకు పైగా చల్లబడాలి. తగ్గింది ఎనిమిదే. “మిగతా చల్లదనం ఎటు పోయింది మేడం?”

ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్నెవరూ అలాంటి ప్రశ్న అడగలేదు.

జవాబు అకాల వాన తెచ్చింది. ముసురు పట్టిన రోజు రెండు రంజన్లూ ఒకేలా మొండికేశాయి. మూలనున్న వెట్ బల్బ్ థర్మామీటర్ (బల్బుకి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, ఆ గాలిలో తడి ఆరుతూ ఎంతవరకు చల్లబడగలదో చూపిస్తుంది) 25 చూపుతుంటే, నీళ్ళు 26 దగ్గర ఆగిపోయాయి. పాత రీడింగులు తిరగేశారు. ఎంత ఎండలోనైనా రంజన్ వెట్ బల్బ్ కంటే కిందికి దిగిందే లేదు. ఒకవైపు ఆవిరి వేడిని తీసుకుపోతుంటే, ఇంకోవైపు చుట్టూ ఉన్న గాలి వేడిని లోపలికి తోస్తోందని వాళ్ళే బోర్డు మీద బాణాలు గీసుకున్నారు.

పోటీలో ప్రైజ్ రాలేదు. “ఇందులో కొత్తగా ఏం కనిపెట్టారమ్మా?” అని జడ్జి అడిగితే, “ఎండల్ల కొత్త రంజన్ దండగ కాదు సార్, ముసురుల దండగే” అంది ఆ అమ్మాయి.

పరీక్షలయ్యాక వరండాలోకి వెళ్తే పాత రంజన్ అక్కడే ఉంది. దాని తెల్లపొరను గరుకు కాగితంతో సరిగ్గా సగం వరకు గీకేశారు. మిగతా సగం ఎందుకు వదిలారని అడిగాను. “అది కంట్రోల్ మేడం, పోల్చి చూసేందుకు” అన్నాడు .37 అబ్బాయి. రెండు సగాల్లోనూ ఉన్నవి అవే నీళ్ళు కదరా అనబోయి, టీ తాగడానికి వెళ్ళిపోయాను.