అమ్మ, పద్నాలుగు వేల కిలోమీటర్లు

2023 వేసవిలో అక్క పురిటికి అమ్మ ఒక్కతే అమెరికా వెళ్ళింది. విజయనగరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి బెంగళూరు, అక్కణ్ణుంచి ఆగకుండా శాన్‌ఫ్రాన్సిస్కో.

"గాల్లోనే 17 గంటలా? ఏటిరా అది, మధ్యలో దిగడానికి ఊరే లేదా?" అని పదేపదే అడిగింది. బెంగళూరు వరకూ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, దానికే రైల్లో ఒక రోజు దాటింది. అక్కణ్ణుంచి దగ్గర దారిలో లెక్కేసినా దాదాపు 14,000 కిలోమీటర్లు.

గోడ మీది మ్యాప్ ఈ దూరాల విషయంలో నమ్మదగ్గది కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం వైపు పోతుంది. 2021 జనవరిలో ఈ రూట్‌లో మొదటి విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగానే బెంగళూరు వచ్చింది, నడిపింది అందరూ ఆడవాళ్ళే. అది చెప్పాక అమ్మకి సగం భయం పోయింది. తూర్పుగా పసిఫిక్ మీదుగా వెళ్తే దూరం పెరిగినా, పైన వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి టైం కలిసొస్తుంది.

మధ్యాహ్నం ఎక్కిన అమ్మ అదే తేదీ సాయంత్రం దిగింది. అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక మరి. సంచిలో మినపసున్ని, ఇంగువ పొట్లాలు భద్రంగా చేరాయి. కాళ్ళు మాత్రం బాగా వాచాయి. మీ అమ్మానాన్నలు వెళ్తుంటే నడవ పక్క సీటే తీసుకోండి, గంటకోసారి లేచి నడవమనండి.