గుండ్లకమ్మ ఒడ్డున అమ్మతో

తమ్ముడు పోయిన ఆగస్టులో చనిపోయాడు. కిడ్నీలు పాడై మూడేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. ఆ మూడేళ్లలో మేం ఉండని ఉపవాసం లేదు, చేయించని ప్రార్థన లేదు. వాడు పోయాక చుట్టాలు కొందరు "ఇంటి దేవతను వదిలేశారు, ఇట్టా కాక ఎట్టా అవుద్ది" అన్నారు. దానికి కోపం వచ్చి ఊరుకున్నాను. మా చర్చి సంఘంలో ఒకాయన "విశ్వాసం చాలలేదు బ్రదర్" అన్నాడు. ఆ మాట మాత్రం లోపలే ఉండిపోయింది. అప్పట్నుంచి ఆదివారం గుడికి పోతున్నాను గానీ ప్రార్థన చేద్దామంటే నోరు రావడం లేదు.

"జనవరి ఒకటికి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కుదాం నాయనా" అని అడిగింది అమ్మ. కందుకూరులో అర్ధరాత్రి ఆరాధన అయ్యాక ఆటో మాట్లాడుకుని బయల్దేరాం.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. పది అడుగులు వేయడం, నా భుజం పట్టుకుని నిలబడడం. పైకి చేరేసరికి తూరుపు తెల్లబడుతోంది. 1854లో ఇదే రోజు, ఇదే వేళకు, నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ మీద మోకరించారు. పద్నాలుగేళ్ల పనికి చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. ఈ మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చ కూడా నడిచింది. చుట్టూ జనం పాడుతున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. నాకేమీ రాలేదు.

దిగాక మద్దిపాడు వైపు వెల్లంపల్లి వెళ్లాం. అక్కడ గుండ్లకమ్మ. 1876లో మొదలైన ధాత కరువులో అదే మిషనుకు చెందిన క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కూలీ, గంజి దొరుకుతున్నంతకాలం ఆయన ఎవరికీ ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చినవాళ్లని ఎవరూ అనకూడదని. ఏడాదికి పైగా ఆపి, 1878 జులై 3న ఈ ఏట్లోనే 2222 మందికి ఒకే రోజున ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లలో మా ముత్తాత వాళ్ల నాన్న ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. కాగితమంటూ ఏమీ లేదు.

కాగితం అంటే గుర్తొచ్చింది. తమ్ముడి కూతురి సర్టిఫికెట్‌లో హిందూ అని రాయించమని అందరూ చెప్పారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు, బీసీ-సీ కిందికి వస్తారు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, చేతిలో రూపాయి లేదు. అయినా మరదలు క్రైస్తవురాలనే రాయించింది. అలా రాయించనివాళ్లను నేనొక్క మాట అనను, ఆకలి వాళ్లది. కానీ మరదలు సంతకం పెట్టే చెయ్యి చూసి నాకు సిగ్గేసింది. ఈ మూడేళ్లూ నేను దేవుడితో ఆడింది బేరం. తమ్ముణ్ణి బతికిస్తేనే నమ్ముతా అన్నాను.

ఏట్లో నీళ్లు చీలమండల దాకానే ఉన్నాయి. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగింది, దోసెడు నీళ్లు ముఖాన చల్లుకుంది. ఒడ్డుకొచ్చి బైబిలు తీసింది. తమ్ముడి ఆఖరి డయాలసిస్ రసీదు మడతపెట్టి 88వ కీర్తనలో పెట్టుకుంది. అంకెలు వెలిసిపోయాయి, మడత దగ్గర కాగితం చిరిగింది.

"గట్టిగా చదువు నాయనా, నాకు కళ్లు ఆనడం లేదు."

చదివాను. రాత్రీ పగలూ మొరపెడుతున్నానంటాడు కీర్తన రాసినాయన, ఎందుకు ముఖం దాచుకున్నావని దేవుణ్ణే అడుగుతాడు. నా గొంతు రెండుసార్లు ఆగింది. చాలా కీర్తనల్లాగా చివర్లో స్తుతి రాదు. చీకటి అనే మాట దగ్గర ఆగిపోతుంది.

"అయిపోయిందా?"

"అంతేనమ్మా."

అమ్మ కాసేపు ఏటి వైపు చూసి, "ఆమెన్" అంది. రసీదు మళ్లీ అక్కడే పెట్టి, క్యారేజీ మూత తీసి పెరుగన్నం కలపడం మొదలుపెట్టింది.