కాటన్ దొర పుట్టినరోజు, మాగాయ ముక్కలు, థామస్ కప్పు

2022 మే 15, ఆదివారం

తెల్లవారుజామున ఐదింటికి ఫోన్ మోగిందంటే రాజమండ్రిలో బాబాయిగారు నిద్ర లేచారని లెక్క. పాలు రాకముందే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ‘చరిత్రలో ఈ రోజు’ పడిపోతుంది. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకిదే ఉద్యోగం. జీతం లేదు, సెలవూ లేదు. లిస్టు పైన తులిప్ పూల ఫొటో, దాని మీద మెరుపుల అక్షరాలతో ‘శుభోదయం’. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనిషి, జన్మలో తులిప్ పువ్వు ముట్టుకుని ఉండరు. పెరట్లో చూస్తే రకానికొక మందారం. అందుకే ఆదివారం పూల ఫొటోలు పెట్టే పని నేను లాక్కున్నాను. రూలు ఒక్కటే: మా పెరట్లోదో, మా వీధిలోదో అయి ఉండాలి. దుమ్ము ఉన్నా సరే, చీమలున్నా సరే.

ఇవాళ్టి లిస్టులో మొదటిది అంతర్జాతీయ కుటుంబ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 1993లో తీర్మానించింది, 1994 నుంచి జరుపుతున్నారు. అత్తయ్యగారికి చదివి వినిపించాను. “ఏడాదికి ఒక్క రోజేనా? మిగతా రోజులు వీళ్లందరికీ ఎవరు వండుతున్నారనుకుంటున్నారో” అన్నారు. తర్వాత 1859లో పియరీ క్యూరీ పుట్టుక, 1907లో సుఖదేవ్ పుట్టుక. ఈ లిస్టుల పద్ధతే అంత, పుట్టారు, పోయారు, కనిపెట్టారు. భగత్ సింగ్, రాజగురులతో కలిసి 1931లో ఉరికంబం ఎక్కిన కుర్రాడికి కూడా ఒక్క లైనే.

నాకు నచ్చింది మికీ మౌస్ సంగతి. 1928లో ఇదే రోజున ఆ ఎలుక గారి మొదటి కార్టూన్‌ని కొద్దిమందికి వేసి చూపించారట. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. అదే ఏడాది నవంబరు 18న శబ్దమూ సంగీతమూ జోడించిన ఇంకో కార్టూన్ వస్తే జనం ఎగబడ్డారు. దాంతో అధికారికంగా పుట్టినరోజు నవంబరు 18 అయిపోయింది. అంటే మనలాగే, అసలు పుట్టినరోజు వేరు, సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు. మా ఆయనకి సర్టిఫికెట్లో జూన్ ఒకటి. ఆయన క్లాసులో సగం మందికి జూన్ ఒకటే. బళ్లో వేసినరోజు హెడ్మాస్టరుగారు ఏ తేదీ రాస్తే ఆ తేదీన పుట్టేశారు అందరూ. అత్తయ్యగారి లెక్కలో మాత్రం ఆయన పుట్టింది ‘పెద్ద గాలివాన తర్వాత, పాత ఆవు ఈనిన వారం’. దీన్ని ఆధార్ కార్డు ఒప్పుకోలేదు.

ఏడింటికి పెరట్లోకి వెళ్లాను. బుధవారం అసని తుఫాను నరసాపురం, మచిలీపట్నం వైపు వచ్చి తీరం దగ్గర నీరసించిపోయింది గానీ, ఆ గాలికి మా పెరడంతా ఆకులూ, మామిడికాయలూను. అన్నీ కొట్టుకుపోయాయనుకుంటే ఫుట్‌బాల్ లిల్లీ ఒక్కటి వచ్చింది. చలికాలమంతా భూమిలో దుంపగా పడుకుని, మేలో ఆకులైనా సరిగ్గా రాకుండానే కాడతో పైకొచ్చి విచ్చుకుంటుంది. దూరం నుంచి ఎర్ర బంతి. దగ్గరికెళ్తే అది ఒక పువ్వు కాదు, బోలెడు చిన్న పూలు ఒకే కాడ మీద కిటకిటలాడుతుంటాయి. ఒక్కోదానికి దారాల్లాంటి ఎర్ర కేసరాలు, వాటి చివర పసుపు చుక్కలు. ఫోన్ కెమెరాకి దేని మీద ఫోకస్ పెట్టాలో తెలియక కాసేపు బంతిని, కాసేపు వెనక గోడని పట్టుకుంది. ఎర్ర పూలతో ఎప్పుడూ ఇదే తంటా. ఎండ తగిలితే ఫొటోలో రేకులు కనపడవు, ఎర్ర ముద్ద కనపడుతుంది. గొడుగు తెచ్చి నీడ పట్టాక కుదిరింది. గొడుగు పట్టింది మా అబ్బాయి. ఇంటర్ పరీక్షలు నడుస్తుంటే పువ్వుకి గొడుగు పట్టిస్తోందని వాళ్ల నాన్నకి ఫిర్యాదు కూడా వెళ్లింది.

రాధామనోహరాల తీగ మాత్రం గాలికి చెక్కు చెదరలేదు. నిన్న సాయంత్రం విచ్చుకున్నవి ఇంకా తెల్లగా, మొన్నటివి గులాబీగా, అంతకు ముందువి ఎర్రగా, మూడు రంగులూ ఒకే గుత్తిలో. ఈ ఫొటో పెట్టగానే అమెరికాలో ఉన్న మా ఆడపడుచు, “వదినా, ఏ ఫిల్టర్ వాడావు?” అని అడిగింది. ఫిల్టర్ ఏమీ లేదమ్మా, రెండు రోజులు ఆగితే అదే ఎరుపెక్కుతుంది అని రాశాను.

లిస్టులో చివరగా పెట్టినా, బాబాయిగారు నక్షత్రం గుర్తు వేసింది కాటన్ దొరకి. సర్ ఆర్థర్ కాటన్ పుట్టింది 1803 మే 15న. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. అంతకు ముందు ఈ గడ్డ మీద కరువుకి కరువు, వరదకి వరద. సముద్రంలోకి పోయే నీళ్లని చూస్తూ జనం ఆకలికి చచ్చిపోయిన నేల ఇది. ఆయన మీద ఒక శ్లోకం ఉంది, మా వైపు పురోహితులు చెబుతారు: ‘నిత్య గోదావరీ స్నాన పుణ్యదోయో మహామతిః, స్మరామ్యాంగ్లేయ దేశీయం కాటనుం తం భగీరథం’. తెల్లదొరలు ఎందరో వచ్చిపోయారు, సంకల్పంలోకి ఎక్కింది ఈయనొక్కడే. కంపెనీ వాళ్లకి కావలసింది శిస్తు, నిజమే. అయినా తిన్నది మనం.

తమాషా ఏమిటంటే ఆయన పుట్టినరోజు నాటికి ఆయన తవ్వించిన కాలువల్లో నీళ్లుండవు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మా వంతెన కింద ఇప్పుడు బురద, బాతులు, ఒంటి చెప్పులు, నిరుడు నిమజ్జనం చేసిన వినాయకుడి కర్రల చట్రం. ఏడాది పొడుగునా ఎవరెవరు ఏమేం పారేశారో లెక్క చూసుకోవడానికి ఇదే అదను.

సెంటర్లో విగ్రహానికి దండ వేస్తున్నారంటే అక్కడికీ వెళ్లాను, అదీ పూల ఫొటోయే కదా. గుర్రం మీద దొర. కడియపులంక మార్కెట్ నుంచి తెచ్చిన బంతిపూల దండ, మనిషంత పొడుగుంది. నిచ్చెన మాత్రం పొట్టిది. ఎక్కినాయన చెయ్యి చాచి, మునివేళ్ల మీద నిలబడి విసిరితే దండ వెళ్లి గుర్రం మెడలో పడింది. “పోనీలెండి, మోసింది అదే కదా” అన్నాడు కింద నిచ్చెన పట్టుకున్నాయన. ఇవాళ్టి ఫొటోల్లో ఎక్కువ లైకులు దానికే వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు డాబా మీద చాపలు పరిచారు. గాలికి రాలిన పుల్ల మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి ఊరేస్తే ఇవాళ్టికి మూడో రోజు. ఊట పిండి ముక్కలు ఒక చాప మీద, ఊట ఒక బేసినులో ఎండకి. కాకుల కాపలా నాది. పదకొండున్నర దాకానే చేశాను, ఎందుకంటే బ్యాంకాక్‌లో థామస్ కప్పు, అదే బ్యాడ్మింటన్ జట్ల పోటీ, ఫైనల్ మొదలైంది.

1949లో మొదలైన పోటీ అది, మనవాళ్లు ఫైనల్ దాకా రావడం ఇదే మొదలు. అవతల ఇండోనేషియా, పద్నాలుగుసార్లు కప్పు కొట్టిన జట్టు. లక్ష్య సేన్ మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకునేసరికి మా ఆయన టీవీ కట్టేయబోయారు. తర్వాత రెండూ లక్ష్యే గెలిచాడు. ఆ గెలిచిన టైములో ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే ఉండాలని హుకుం. అత్తయ్యగారు మెట్ల మీద, ముక్కల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. అక్కడే ఉండిపోయారు.

డబుల్స్‌కి సాత్విక్ దిగాడు, చిరాగ్ శెట్టితో. “ఆ పొడుగు కుర్రాడు ఎవరి తాలూకు?” అన్నారు అత్తయ్యగారు. మన అమలాపురమేనండి అన్నాను. అంతే, అప్పటిదాకా ఆట పట్టని మనిషి మెట్టు మీంచి ముందుకి వంగారు. మొదటి గేమ్ పోయింది, రెండోది మ్యాచ్ పాయింట్ల దాకా వెళ్లి 23-21తో బయటపడింది. మూడో గేమ్ మధ్యలో కరెంటు పోయింది. వీధి వీధంతా ‘అబ్బా’ అన్న మాట ఒక్కసారే వినిపించింది. ఇన్వర్టరున్న పక్కింటికి అందరం పరిగెత్తాం, అత్తయ్యగారు పళ్లెంతో సహా. అక్కడా మెట్ల మీదే కూర్చున్నారు పాపం. 21-19. ఆ తర్వాత గుంటూరు కుర్రాడు శ్రీకాంత్ రెండు గేముల్లో పని ముగించేశాడు. 3-0. పక్కింటాయన బెల్లం ముక్క చేతిలో పెట్టారు, స్వీట్లు లేక.

ఈ సందడిలో డాబా సంగతి మర్చిపోలేదు కాకులు.

సాయంత్రం బాబాయిగారు గ్రూపులో వచ్చే ఏడాది మే 15 లిస్టు ఇప్పుడే తయారు చేసి పెట్టేశారు. మొదట: ‘థామస్ కప్పు, శ్రీ సాత్విక్ సాయిరాజ్ గారు (మన అమలాపురం)’. రెండోది కాటన్ దొర. అత్తయ్యగారికి చూపిస్తే కళ్లజోడు తీసి, “మీ బాబాయిగారికి చెప్పమ్మా, దొరగారి తర్వాతే ఎవరైనా. నీళ్లే లేకపోతే ఆ కుర్రాడు ఏం తిని ఎగిరేవాడంట?” అన్నారు. అదే మాట టైపు చేశాను. బాబాయిగారి నుంచి జవాబుగా ఇంకో తులిప్ పువ్వు వచ్చింది.