గుజరీ సామాన్లతో మా చక్రాల గది

బండికి తగిలించుకొని తిప్పే పాత గదిని (ట్రైలర్‌ని) బాగుచేసుకొని ఫోటోలు పెట్టినప్పట్నుంచి అందరూ రెండే అడుగుతాన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంతైంది. రెండోదానికి మా ఇంట్లోనే ఇంకా సరైన జవాబు చెప్పలేదు కాబట్టి ఇక్కడా చెప్పను. మొదటిది చెప్తా. అనంతపురంలో గుత్తి రోడ్డు వైపు పాత ఇనుము కొనే గోడౌన్ వెనకాల తుమ్మచెట్ల మధ్యలో ఉండింది. రోడ్డు కాంట్రాక్టర్లు సైటులో ఇంజనీర్లు పడుకోడానికి, ఫైళ్ళు పెట్టుకోడానికి బండి వెనక తగిలించుకొని తిప్పే గది అన్నమాట. హైదరాబాద్-బెంగళూరు హైవేకి ఇంకా ఏడో నంబరే ఉన్న కాలంలో (ఇప్పుడది 44) ఆ పని మీద వచ్చి, పనైపోయినాక ఇక్కడే మిగిలిపోయిందని గోడౌన్ భాయ్ చెప్పినాడు. "దీన్ని తీస్కోని ఏం చేస్తావమ్మా, కోళ్ళు పెడతావా?" అన్నాడు. దీంట్లో పండుకొని ఊర్లు తిరుగుతాం భాయ్ అంటే నా మొహం చూసి రేటు ఇంకొంచెం పెంచినాడు.

పన్నెండు అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. లోపల ఇనుప యాంగిల్ ఫ్రేము, బయట అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్, కింద ఒకే యాక్సిల్, రెండు పక్కలా కమాన్ కట్టలు (కుదుపు ఆపే ఇనుప పట్టీల స్ప్రింగులు). వింటేజ్ ట్రైలర్ అని నెట్‌లో కొడితే వచ్చే అమెరికా ఎయిర్‌స్ట్రీమ్ లాంటిది అస్సలు కాదు. వాలీ బయామ్ 1930ల్లో మొదలుపెట్టిన ఆ కంపెనీ 1936లో క్లిప్పర్ అని తెచ్చింది, మెరిసే అల్యూమినియంతో మూలలన్నీ గుండ్రంగా, రివిట్లు కొట్టిన రేకే బరువు మోసేట్టు విమానాల పద్ధతిలో కట్టినారు. మాది మూలలు తేలిన పెట్టె. ఇంకోటి, ఆ ఫోటోల్లో లోపలంతా తెల్ల పెయింటు, లేత గులాబీ కర్టెన్లు, చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో. మన ఎర్రమట్టి దుమ్ములో ఆ తెలుపు ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా కూడా నిలవదు. అందుకే ముందే అనుకున్నా, దీంట్లోకి వచ్చేవన్నీ ఇక్కడివే, పాతవే, ఈ ఎండకి ముందే అలవాటు పడినవే.

కొనేముందు చూసుకోవాల్సింది కాగితాలు. ట్రాక్టర్‌కి ఒక నంబరు, ట్రాలీకి ఇంకో నంబరు ఉంటుంది చూడండి, అట్లే దీనికీ సొంత ఆర్‌సీ ఉండాలి. ఛాసిస్ మీద తుప్పు ఉప్పు కాగితంతో రుద్ది, నంబరు ఆర్‌సీతో కలిసినాకే అడ్వాన్స్ ఇచ్చినాం. తర్వాత స్క్రూడ్రైవర్ తీసుకొని లోపలికి పోయి నేల ప్లైవుడ్‌ని మూలల్లో, కిటికీల కింద పొడిచి చూసినా. సర్రున దిగిపోతే అక్కడ నీళ్ళు తాగిందని అర్థం. కుడిపక్క వెనక మూల బిస్కెట్ మాదిరి దిగింది, మిగతాదంతా గట్టిగానే ఉంది. టైర్లకి గాట్లు బాగానే కనపడతాయి గానీ వాటిని నమ్మొద్దు, టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2314 అని ఉంటే 2014లో ఇరవైమూడో వారం తయారైందని. నిలబెట్టిన బండి టైరు అరగదు గానీ రబ్బరు ఎండకి పగిలిపోతుంది. రెండూ మార్చేసినాం. బేరింగులు, గ్రీజు, కమాన్ కట్టలు లారీ మెకానిక్ అన్న చూసుకున్నాడు, ఆ పని గురించి నాకంటే మీకే ఎక్కువ తెలిసుంటుంది.

అసలు కథ పైకప్పు. అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకి అటూ ఇటూ, ఇక్కడ ఉరవడం గురించి ఇంత భయమెందుకు అని మా ఆయన. ఆ పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్కసారిగా పడతాది కదా అని నేను. పాత మిద్దె ఇండ్లల్లో వానాకాలం ముందర మిద్దె మీద చౌడు మట్టి ఎందుకేసేవాళ్ళు మరి, ఎండకి పగిలిన నెర్రెలు పూడ్చాలనే కదా. రేకుకి కూడా అదే బాధ. ఒక మీటరు అల్యూమినియం ఒక్క డిగ్రీ వేడెక్కితే 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) సాగుతుంది, ఇనుము సుమారు 12. తెల్లారుజామున ఇరవై డిగ్రీలున్న రేకు మధ్యాన్నానికి అరవై ఐదుకి పోతే మా పన్నెండడుగుల రేకు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది, కింద ఇనుప ఫ్రేము అందులో సగమే పెరుగుతుంది. రోజూ ఈ లాగులాటలో రివిట్ల చుట్టూ ఉన్న లప్పం ఊడొచ్చేస్తుంది. అందుకే ఎండినాక గట్టిపడే లప్పాలు వద్దు, సాగే పాలీయురేథేన్ సీలెంట్ వాడండి. ఘాటుగా వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ అసలు పెట్టొద్దు, దాని ఆమ్లం లోహాన్ని తింటుంది, పైన పెయింటూ పట్టదు.

ఎవరో మధ్యలో రిపేరు చేసి మామూలు ఇనుప స్క్రూలు కొట్టిపెట్టినారు. ఒక్కొక్క స్క్రూ చుట్టూ తెల్లటి పొడి, వేలితో గీకితే రాలుతుంది, దాని కింద రేకు జల్లెడ. రెండు వేర్వేరు లోహాలు తడిలో కలిస్తే వాటిలో రసాయనికంగా చురుకైనది కరిగిపోతుందని బడిలో చదివే ఉంటాం, ఇక్కడ కళ్ళారా చూసినా. అన్నీ పీకి అల్యూమినియం రివిట్లు కొట్టించినాం, చిల్లులు పడినచోట లోపల్నుంచి రేకు ముక్కలు వేసి. తర్వాత తోటలో బోరు పైపు మా పిల్లోడి చేతికిచ్చి పైన నీళ్ళు కొట్టమని, నేను టార్చి పట్టుకొని లోపల కూర్చున్నా. కారితే చుక్క పడేచోట కాదు చూడాల్సింది, దానికంటే పైన ఎక్కడో దూరి ఫ్రేము మీద నడుచుకుంటా వచ్చి ఇక్కడ పడుతుంది, కాబట్టి కింద వరసతో మొదలుపెట్టి పైకి పోతా కొట్టించాలి. కిటికీ పైన ఒక్క చోట దొరికింది, మూసేసినాం. పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటు (లోపల వద్దన్న తెలుపు పైన మాత్రం కావాల్సిందే), లోపల రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్య అంగుళం మందం ఫోమ్ షీటు. అది లేకుండా ఏప్రిల్లో దీంట్లో కూర్చోవాలంటే మొక్కు ఉండాలి.

ఇంక సామాన్లు. నేను పెట్టుకున్న రూలు ఒకటే, చింతపండు తూచే స్ప్రింగ్ కాటాకి తగిలించకుండా ఏదీ లోపలికి రాకూడదు. మా వదినకి వంట గట్టు మీద కడప బండ కావాలి. మన సీమలో కడప బండ లేని వంటిల్లు ఎక్కడుంది, తాడిపత్రి మనకి ఎంత దూరం, ఎవరి దొడ్లో చూసినా నాలుగు బండలు మిగిలిపోయుంటాయి, పైసా ఖర్చు లేదు అని ఆమె వాదన. న్యాయమే. కానీ ఇరవై మిల్లీమీటర్ల బండ చదరపు అడుగుకి ఐదు కిలోలు తూగుతుంది, మూడడుగులకి రెండడుగుల గట్టుకి ముప్పై కిలోలు, పైగా గుంతల రోడ్డు మీద పగుల్తుంది. కూలగొట్టిన పాత ఇంటి టేకు తలుపు రెక్క తెచ్చి దాన్నే గట్టు చేసినాం, బండ బరువులో నాలుగో వంతు. స్టవ్ కింద మాత్రం అడుగు బై అడుగు కడప బండ ముక్క పొదిగించినా, వదిన దాని మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని ఒప్పుకుంది. చిన్న సిలిండర్ కదా అని గాలి సంగతి మర్చిపోవద్దు, వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, అందుకని సిలిండర్ దగ్గర నేల మట్టానికే జాలీ పెట్టాలి.

అదే తలుపుతో పాటు వచ్చిన ఇనుప గొళ్ళేలు నాకు దొరికిన అసలైన నిధి. కొత్త అల్మరాలకి పెట్టే అయస్కాంతం బిళ్ళలు మొదటి స్పీడ్ బ్రేకర్‌కే వదిలేసి గిన్నెలన్నీ కింద పోస్తాయి. ఈ గొళ్ళేన్ని ఎత్తి, తిప్పి, కొండీలో వేస్తే టక్కుమంటుంది, ఇంక ఏ గుంతలో పడినా కదలదు. తరతరాల చేతులు తగిలి అంచులు నున్నగా అరిగిపోయినాయి, వాటిని పాలిష్ పెట్టనీయలేదు, నువ్వుల నూనె రాసి వదిలేసినా.

గుంతకల్లు వైపు పాత రైల్వే సామాన్లు అమ్మే అంగట్లో ఫ్యాను చూసి మనసు పడినా గానీ కొనలేదు. పాత ఐసీఎఫ్ (చెన్నై ఫ్యాక్టరీ) రైలు పెట్టెల్లో కరెంటు 110 వోల్టుల డీసీ, మా బ్యాటరీ 12, ఇంట్లో 230 ఏసీ, ఆ ఫ్యాను ఎక్కడా తిరగదు, గోడకి బొమ్మ మాదిరి వేలాడాలంతే. లారీ క్యాబిన్లో పెట్టే 12 వోల్టుల ఫ్యాను పాతది తెచ్చి పెట్టినా. మడిచే చిన్న బల్ల ఒకటి మాత్రం అక్కడే తీసుకున్నా, వేలంపాట బిల్లు చూపించమని అడిగి మరీ. రైల్వే సొత్తు కాగితాల్లేకుండా దగ్గర పెట్టుకుంటే 1966 చట్టం కింద కేసవుతుంది, అందమైన బల్ల కోసం స్టేషన్ల చుట్టూ తిరగడం నాకిష్టం లేదు.

మంచం గురించి చాలా కొట్లాడుకున్నాం. ప్లైవుడ్ పెట్టె మీద ఫోమ్ పరుపు వేద్దామని మా ఆయన, బరువుకి బరువు, వేడికి వేడి. చివరికి మా అవ్వ చెప్పిన మాటే నెగ్గింది, "నవారు అల్లుకోండే, ఈపుకి గాలి తగుల్తాది". పాత హాస్టల్ మంచాల పైపు ఫ్రేము ఒకటి కోయించి కొలతకి అతికించి, అవ్వే కూర్చొని పడుగూ పేకా చెప్తా ఉంటే మా పిల్లలిద్దరూ అల్లినారు. మొదటి వారంలో సాగింది, కాళ్ళవైపు తాడు లాగి బిగించుకున్నాం, కొత్త నవారు అట్లే చేస్తుంది. అట్టడుగున చెక్క లేదు కాబట్టి కింద ట్రంకుపెట్టెలు రెండు నేరుగా దూరిపోయినాయి. పైన ఇంట్లోవాళ్ళ పాత చీరలతో కుట్టిన బొంత. కర్టెన్లకి మా అత్త ధర్మవరం పట్టుచీర ఇస్తానంది, వద్దన్నా, ఎండ తగిలితే పట్టు రంగూ పోతుంది, పోగూ చితుకుతుంది. మెత్తబడిన నూలు పంచె చాలు, అంచు దానికదే ఉంది.

లైటు ఒక్కదాని దగ్గర మాత్రం మనసు జారింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తెలుసు కదా, తోలుబొమ్మల ఊరు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఒకళ్ళింట్లో ల్యాంప్ గుడ్డ తీసేసిన ఇనుప చట్రం పక్కన పడేసుంటే, అడిగి దాని కొలతకి తోలు బిగించి ఇమ్మన్నా. మేకతోలుని పల్చగా చేసి ఆరబెడితే అవతల వెలుగు కనపడేంత అవుతుంది, దాని మీద చిన్న ఉలులతో చుక్కల మాదిరి చిల్లులు కొట్టి రెండు వైపులా రంగులేస్తారు. నాదాంట్లో చిలక ఉంది. ఆర్పితే మట్టిరంగు, వేస్తే రెక్కలో ప్రతి చిల్లు నుంచీ సూది మొనంత వెలుగు ఎదురుగోడ మీద పడుతుంది, బండి ఊగితే ఆ చుక్కలూ ఊగుతాయి. లోపల ఎల్‌ఈడీ మాత్రమే పెట్టాలి, పాత బల్బు వేడికి తోలు ముడుచుకుపోతుంది.

అంతా సర్దినాక శెనక్కాయల మిల్లు దగ్గర లారీ కాటాకి తీసుకుపోయినాం. మొత్తం బరువు తొమ్మిది వందల కిలోలు. అది ఒక లెక్క, కొక్కెం మీద ఎంత పడుతోంది అనేది ఇంకో లెక్క, అదే ముఖ్యం. మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద ఉండాలి, అంటే మాకు తొంభై నుంచి నూటముప్పై ఐదు. తక్కువైతే వెనక భాగం బరువుకి ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, స్పీడ్ పెరిగేకొద్దీ లాగే బండిని కూడా తిప్పి పడేస్తుంది. మాది అరవైకి దగ్గర్లో ఉంది. నీళ్ళ డ్రమ్ము వెనక మూలలో ఉండింది, నిండితే నూరు లీటర్లు, నూరు కిలోలు. దాన్ని యాక్సిల్‌కి కొంచెం ముందుకి జరిపితే లెక్క కుదిరింది. కాటా అబ్బాయి డబ్బులు తీసుకోలేదు, లోపల ఒకసారి చూపించమన్నాడు.

మా మరిది బొలేరో క్యాంపర్ పికప్ బండికి తగిలించుకొని తాడిపత్రి, జమ్మలమడుగు మీదుగా గండికోటకి పోయొచ్చినాం, నలభై దాటించలేదు. దారి పొడుగునా ఎవరో ఒకరు బస్సులోంచి తలకాయ బయట పెట్టి చూసేవాళ్ళే. తాడిపత్రిలో టీ తాగుతా ఉంటే ఒక పెద్దాయన వచ్చి "ఇది బ్యాంకు బండా?" అన్నాడు. ఇంకొకాయన పాపం రక్తపరీక్ష చేస్తారా అని చెయ్యి చాపినాడు. లోయ అంచుకి బాగా ఇవతల చదునుగా ఉన్నచోటే నిలబెట్టండి, చక్రాలకి రెండు పక్కలా రాళ్ళు పెట్టుకోండి, అక్కడ గాలి మామూలుది కాదు.

వెనకవైపు ఎరుపు రిఫ్లెక్టర్ టేపు, నంబరు రాయించడానికి లారీలకి రంగులేసే ఆర్టిస్టు వచ్చినాడు. నెమలి వేస్తానంటాడు. దాని కింద "నన్ను చూసి ఏడవకురా" రాయాల్సిందేనని మా ఆయనా మరిదీ ఒక జట్టు. నెమలికి ఒప్పుకున్నా, ఆ మాటకి ఒప్పుకోలేదు, జానెడు చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఈలోపల మా అత్త నిమ్మకాయా మిరపకాయలూ కట్టేసింది.

పిల్లలకి ఇంకొక మడత మంచం చేయాలి, దానికి మంచి పాత నూలు నవారు కావాలి, ఇప్పుడు దొరికేదంతా ప్లాస్టిక్. ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఎవరింట్లో అయినా అటక మీద చుట్టలు పడుంటే ఒక మాట చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.