నూరు దేనారముల అప్పు

మా అమ్మాయి కాన్పు క్షేమంగా జరిగితే క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వచ్చి కృతజ్ఞతార్పణ చెల్లిస్తానని దేవునికి మొక్కుకున్నాను. తల్లీబిడ్డలను చల్లగా చూశాడు. మనవరాలు పక్క గదిలో నిద్రపోతోంది. అది లేచేలోగా ఇదంతా రాసేయాలని కూర్చున్నాను.

మొక్కు చెల్లించడానికే బయల్దేరాను గాని, మనసులో ఒక మనిషి మీద విషం అలాగే ఉంది. సికింద్రాబాద్‌లో మా సంఘంలోనే ఒకామె చిట్టీలు నడిపేది. నన్ను నోరారా వదినా అని పిలిచేది. అమ్మాయి పెళ్లికని కూడబెట్టిన 3 లక్షలు ఆమె చేతిలో పోశాను. చిట్టీ ఎత్తుకునే సమయానికి ఆమె చేతులెత్తేసింది. ఒక ప్రామిసరీ నోటు రాసిచ్చి, ఆపైన గుడికి రావడమే మానేసింది. మేము అప్పు చేసి పెళ్లి చేశాం. అప్పటి నుంచి ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న చోట నా నోరు మూతపడేది. ఆమె ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందని వింటే లోలోపల తృప్తిగా ఉండేది. ద్వేషం మనిషిని అంతదాకా తీసుకెళ్తుంది.

జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మెదక్ దాకా నిలబడే వెళ్లాను. అక్కడ జనాన్ని చూస్తే ప్రార్థించాలన్న ఆశే పోయింది. దేవుని సన్నిధికి మోచేతులతో పొడుచుకుంటూ పోవాలా? పసిపిల్లలు నలిగి ఏడుస్తుంటే పెద్దవాళ్లు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎండ ఎక్కింది, కళ్లు తిరిగాయి. వరుసలో నా వెనుక ఉన్న ఒక అవ్వ నా రెక్క పట్టుకుని తన బట్టల మూట మీద కూర్చోబెట్టింది. సద్ది విప్పి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు చేతిలో పెట్టింది. నేను తింటున్నంతసేపూ కొంగు నా తల మీద నీడగా పట్టింది. "మా బిడ్డ చోటు ఇది" అంటూ వెనుక నుంచి తోస్తున్న వాళ్లను ఆపింది. నేను పర్సు తీస్తే నా చేతిని వెనక్కి నెట్టింది. "అప్పా ఏమన్నా? తిను బిడ్డా" అంది.

లోపల జనమంతా యేసు జననం బొమ్మ ఉన్న రంగుటద్దాల కిటికీ వైపే చూస్తున్నారు. పండుగ కదా! నన్ను తోసుకుంటూ తోసుకుంటూ సిలువ కిటికీ ముందుకు తెచ్చి నిలబెట్టారు. బయటి వెలుగు పడితేనే ఆ రంగుటద్దాల్లో బొమ్మ కనిపిస్తుంది. ఎండ బాగా ఉంది. ఎరుపు, నీలం మధ్య ప్రభువు స్పష్టంగా కనిపించాడు. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము" అని సిలువ మీద ఆయన అన్న మాట నా నోట్లోనే మెదిలింది. కదలండి కదలండి అని వాలంటీర్లు అరుస్తూనే ఉన్నారు. చూసింది క్షణమే.

బయటికి వచ్చి గోడ నీడలో కూలబడ్డాను. కరవులో అలమటించిన వాళ్లకు పని చూపించి అన్నం పెట్టాలని మిషనరీ పోస్నెట్ దొరగారు 1914లో మొదలుపెట్టించిన గుడి ఇది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఆ కూలీలను తలుచుకుంటే మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన కథలోని దాసుడు గుర్తొచ్చాడు. తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుణ్ణి క్షమించనివాడు. దేనారం అంటే అప్పటి నాణెం, ఒక రోజు కూలి. నూరు దేనారాలంటే నూరు రోజుల కష్టం. ఈ రాళ్లు మోసిన మనిషికి అంత కూలి ఎగ్గొడితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? ప్రభువు ఆ అప్పు చిన్నదని ఎక్కడా అనలేదు. క్షమించమంటే నాకు జరిగిన నష్టం నష్టమే కాదనమంటున్నారని ఇన్నేళ్లూ నా బాధ. కాదు. అది నిజమైన అప్పే. కానీ ఒక్క తలాంతు దాదాపు 6,000 దేనారాలు. అలాంటివి పదివేలు మాఫీ చేయించుకున్నవాడు తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. నా అమ్మాయిని, మనవరాలిని నా ఒడిలో పెట్టిన దేవుని గుడి ముందు కూర్చుని నేను ఎవరి గొంతు పట్టుకుని ఉన్నాను?

అక్కడే ఏడ్చాను. అర్పణ కవరు వేయకుండా తిరిగి వచ్చాను. మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడి, ఆ తర్వాతే అర్పణ వేయమని వాక్యం ఉంది కదా.

మర్నాడు కేకు, ప్రామిసరీ నోటు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూడగానే వణికిపోయింది. "వదినా, ఇంకొక్క నెల గడువు ఇవ్వండి" అంది. నోటు ఆమె ముందే చించేశాను. ఆమె నమ్మలేదు, ముక్కలు ఏరి చూసుకుంది. ఆమె అంటే నాకింకా పూర్తిగా ప్రేమ పుట్టలేదు. కానీ ప్రభువు ప్రార్థన ఇప్పుడు చివరిదాకా చెప్పగలుగుతున్నాను. అడగకుండా నోటు చించినందుకు మా వారు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆయన కష్టార్జితం కూడా కదా, ఆ కోపం న్యాయమే. ఆయన కోసం ప్రార్థిస్తున్నాను. ఆదివారం ఆరాధనకు వస్తానని ఆమె ఫోన్ చేసి చెప్పింది.