మాయా శశిరేఖ నడక

1979లో మన కందుకూరు బడి వార్షికోత్సవంలో నేను 'మాయాబజార్' సినిమాలోని మాయా శశిరేఖ వేషం వేశాను. మా పదో తరగతి వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఆ వేషానికి కారణం క్లాసులో జరిగిన ఒక వాదన. ఆ వాదనకి కారణం చెరువు కట్ట కింద వేసిన టూరింగ్ టాకీసు డేరా. ఈ సంగతి రాయాలని చాలా ఏళ్ళుగా మనసులో ఉంది.

మనం చదివిన రోజుల్లో కందుకూరు ప్రకాశం జిల్లా. మా నాయన మాత్రం ఎవరడిగినా 'మాది నెల్లూరు జిల్లా' అనేవాడు. 1970లో జిల్లా మారింది గానీ ఆయన మాట మారలేదు. 2022లో కందుకూరుని మళ్ళీ నెల్లూరులో కలిపినప్పుడు సంతోషించడానికి ఆయన లేడు. సినిమాకి వెళ్ళినా ఆయనకి జిల్లా పట్టింపే. రమణారెడ్డి తెర మీదికి రాగానే 'జగదేవిపేట మనిషి' అని పక్కవాళ్ళకి చెప్పేవాడు. రాజనాల వస్తే 'కావలి'. అంత దుర్మార్గం చేసే మనిషి మన పక్క ఊరివాడంటే మాకు భయం, గర్వం రెండూ కలిగేవి. వాణిశ్రీ అయితే ఇంట్లో పిల్ల కిందే లెక్క, నెల్లూరులో పుట్టింది కదా.

డేరాలో ఆడవాళ్ళ వైపుకీ మగవాళ్ళ వైపుకీ మధ్య నడుమెత్తు మట్టిగోడ ఉండేది. సాయంత్రం ఘంటసాల గొంతులో వెంకటేశ్వరస్వామి పాట మైకులో మొదలైందంటే టికెట్లు ఇస్తున్నారని అర్థం. అమ్మ గబగబా పొయ్యి ఆర్పేసేది. నేల టికెట్ కొనుక్కుని, ఇసుకని కుప్పగా చేసుకుని దాని మీద కూర్చునేవాళ్ళం, ముందువాళ్ళ తలలు అడ్డం రాకుండా. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీళ్ళు మార్చడానికి సినిమా మొత్తానికి మూడు నాలుగు సార్లు లైట్లు వేసేవాళ్ళు. బొరుగులు, చెనక్కాయలు, గోళీసోడా. ఆ లైట్లు వెలిగిన కాసేపట్లోనే గోడకి అటూ ఇటూ మాటలు నడిచేవి. ఎవరు బాగా చేశారు, ఎవరు తేలిపోయారు, తరవాత ఏమవుతుంది అని. ఇప్పుడు హాల్లో ఒక్క ఇంటర్వెల్ తప్ప సినిమా ఆగకుండా నడుస్తుంది, బయటికి వచ్చి బండి ఎక్కేస్తాం. సినిమా గురించి మాట్లాడుకోవడం మా తరానికి ఆ రీళ్ళ మధ్య విరామాలే నేర్పాయని నాకు గట్టి నమ్మకం.

'మాయాబజార్' 1957 నాటి సినిమా. మేమంతా అప్పటికి పుట్టలేదు. మేము ఆరో తరగతిలో చేరిన 1974లోనే ఎస్వీ రంగారావు గారు జులైలో, రమణారెడ్డి గారు నవంబరులో పోయారు. పదో తరగతిలో ఉండగా ఆ సినిమా మా డేరాకి మళ్ళీ వచ్చింది. చనిపోయిన ఇద్దరు మనుషులు ఘటోత్కచుడుగా, చిన్నమయగా తెర మీద అంత సందడి చేస్తుంటే నాకు నవ్వూ వచ్చింది, గొంతులో ఏదో అడ్డం పడినట్టూ అయింది. రమణారెడ్డి గారికి నిజంగానే ఇంద్రజాలం వచ్చని, ప్రదర్శనలు కూడా ఇచ్చేవారని నాయన ఆ రాత్రే చెప్పాడు. మాయలు నేర్పే చిన్నమయ వేషం ఆయనకి ఎంత సరిగ్గా కుదిరిందో!

మర్నాడు తెలుగు క్లాసుకి ముందు వాదన మొదలైంది. ఘటోత్కచుడిగా ఎవరు బాగా చేశారని నేను అడిగాను. మగపిల్లలు వింతగా చూశారు. 'ఇదేం ప్రశ్న? రంగారావు కాకపోతే ఇంకెవరు?' అన్నారు. నేను సావిత్రి అన్నాను.

నా లెక్క ఇది. సినిమాలో సగం నుంచి శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడే. అంటే ఆ వేషం ఇద్దరు వేశారు. రంగారావు గారికి ఆ నిలువెత్తు విగ్రహం, గద, ఆ గొంతు అన్నీ తోడున్నాయి. 'వివాహ భోజనంబు' పాటకి మాధవపెద్ది సత్యం గొంతు కూడా కలిసింది. సావిత్రికి ఏముంది? పట్టుచీర, పూలజడ. వాటి లోపలే ఒక రాక్షసుడు ఉన్నాడని మనకి తెలియాలి, పెళ్ళివారికి తెలియకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు భుజాలు విచ్చుకుంటాయి, అడుగు బరువుగా పడుతుంది. ఎవరైనా వచ్చారో, అదే ఒళ్ళు ఒక్క క్షణంలో సిగ్గుతో ముడుచుకుపోతుంది. రంగారావు నడకని ఆవిడ ఎంత జాగ్రత్తగా చూసి ఉంటే అలా చేయగలిగి ఉంటుంది!

మేము అరుచుకుంటుండగా అయ్యవారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కోప్పడతారనుకున్నాం. ఆయన బల్ల మీద పుస్తకం పెట్టి, 'అంత బాగా చూశారు కదా, సినిమా మొత్తంలో పాండవులు ఎక్కడ కనపడ్డారో చెప్పండ్రా' అన్నారు. అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఒక్కరూ కనపడరు. పాండవుల కథలో పాండవులు లేకుండా మూడు గంటలు కూర్చోబెట్టిన దర్శకుడు కె.వి. రెడ్డి గారి నేర్పు గురించి ఆ రోజు పాఠం జరిగింది. చివర్లో నా వైపు చూసి, 'అమ్మాయ్, వార్షికోత్సవానికి ఆ వేషం నువ్వే వేస్తున్నావు' అన్నారు.

ఇంట్లో ఒప్పుకోలేదు. 'ఈడొచ్చిన పిల్ల స్టేజీ ఎక్కడమేంది' అన్నాడు నాయన. అయ్యవారే ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎక్కువ మాట్లాడలేదు. 'సావిత్రి కూడా ఒక ఇంటి ఆడపిల్లేనయ్యా. ఆమెని తెర మీద చూసి మురిసిపోతావు కదా' అన్నారు. నాయన చాలాసేపు ఊరుకుని, 'మీ ఇష్టం అయ్యవారూ' అన్నాడు.

ఘటోత్కచుడి వేషానికి ఉలవపాడు వైపు నుంచి సైకిలు మీద వచ్చే మిత్రుణ్ణి తీసుకున్నారు. పేరు రాయను, మీకందరికీ తెలుసు. మొదటి వారం రిహార్సల్లో నాకు ఒక్క మాట కూడా ఇవ్వలేదు అయ్యవారు. వాణ్ణి వేపచెట్టు కింద అటూ ఇటూ నడిపించి నన్ను చూడమన్నారు. 'సావిత్రిని చూసి చేయొద్దు. ఆవిడ రంగారావుని చూసింది. నువ్వు వీణ్ణి చూడు' అన్నారు. చూడగా చూడగా కనపడింది. వాడి కుడి పాదం కొంచెం బయటికి తిరుగుతుంది. ఆగేముందు ఒకసారి భుజం ఎగరేస్తాడు. నవ్వబోయే ముందు గడ్డం పైకెత్తుతాడు. అయిదేళ్ళుగా ఒకే క్లాసులో ఉన్నాం, ఇవేవీ నేను గమనించలేదు.

వార్షికోత్సవం రాత్రి పట్టుచీరతో స్టేజీ మీదికి వచ్చి నాలుగడుగులు వేశాను. భుజం ఎగరేశాను. అంతే, వెనక వరసల్లో పిల్లలు వాడి పేరు పెట్టి అరిచారు. ఊరంతా నవ్వింది. నవ్వుల మధ్య మా నాయన గొంతు వేరుగా వినపడింది.

ఆ తరవాత నేను సినిమా చూసే తీరే మారిపోయింది. అంతకుముందు 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చినప్పుడు మగపిల్లలంతా కొండవీటి వెంకటకవి గారు రాసిన దుర్యోధనుడి మాటలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్ళు. రామారావు గారి ఆ వాక్ధాటి గొప్పదే. నాకు మాత్రం 'మాయాబజార్'లో ఆయన కృష్ణుడే ఇష్టం. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు నవ్వడం మాటలు చెప్పడం కన్నా కష్టం. శకునిగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు గారిని చూడండి, ఎక్కడా గొంతు పెంచరు. ఇంట్లో పెద్దమనిషిలా మెత్తగా మాట్లాడుతూనే కొంప ముంచుతారు. అలాంటివాళ్ళని మనం ఊళ్ళలో చూశాం కాబట్టే ఆ శకుని మనకి నిజమనిపిస్తాడు. 'గుండమ్మ కథ'లో సూర్యకాంతం గారి మీద కూడా నాకు జాలే. నోరు పెట్టుకుని బతికే ఆడది లోపల ఎంత భయపడుతుందో ఆవిడ కళ్ళలో ఉంటుంది.

నెల్లూరు పుల్లయ్య గారు తీసిన 'కన్యాశుల్కం' చూశాక మా అయ్యవారితో ఒక్కసారి విభేదించాను. ఆయనకి లుబ్ధావధాన్లుగా గోవిందరాజుల సుబ్బారావు గారు గొప్ప. నాకు మధురవాణిగా సావిత్రే. ఈ విషయంలో ఇప్పటికీ నా మాట మార్చుకోలేదు.

1981 డిసెంబరులో కావలిలో డిగ్రీ చదువుతుండగా సావిత్రి పోయిందని రేడియోలో విన్నాను. 19 నెలలు కోమాలో ఉండి పోయింది. ఆ పూట హాస్టల్లో అన్నం తినలేకపోయాను. 2010లో రంగులద్దిన 'మాయాబజార్' వస్తే మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. అమ్మాయికి నచ్చింది. నాకు కెమెరామన్ మార్కస్ బార్ట్లే పట్టిన ఆ నలుపు తెలుపు వెన్నెలే కావాలనిపించింది. అయితే మాయా శశిరేఖ నడిచి వచ్చేసరికి రంగుల సంగతి మరిచిపోయాను. ఆ నడకలో నాకు రంగారావు గారు కనపడలేదు, వేపచెట్టు కింద మా మిత్రుడు కనపడ్డాడు.

వాడు ఇప్పుడు మామిడితోట చూసుకుంటున్నాడు. మోకాళ్ళ నొప్పులట. ఈసారి మన పాత విద్యార్థుల కలయికకి తప్పకుండా వస్తానన్నాడు. ఆ రాత్రి స్టేజీ మీద మా ఇద్దరికీ తీసిన ఫోటో నా దగ్గర చెదలు పట్టిపోయింది. మీలో ఎవరి దగ్గరైనా ఇంకో కాపీ ఉంటే దయచేసి పట్టుకురండి.